పాత మురుగు లైన్లు, గ్రాంటు డబ్బు: గోదావరి డెల్టా పట్టణాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మునిసిపల్ ఇంజనీరింగ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. వార్డు సభలైనా, పెళ్లి భోజనాలైనా, పొద్దున్నే టీ కొట్టు దగ్గరైనా ఇవే ప్రశ్నలు ఎదురవుతున్నాయి. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి, ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న నుంచైనా మొదలుపెట్టొచ్చు.

## జబ్బు ఎక్కడుందో తెలుసుకోవడం

మా ఊళ్లో అసలు భూగర్భ డ్రైనేజీ ఉందా? మాకు వీధి కాలువే కనిపిస్తోంది.

డెల్టా పట్టణాల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ సెప్టిక్ ట్యాంకు, ఇంటి ముందు పక్కా డ్రెయిను. భూగర్భ లైన్లు, అంటే యూజీడీ, కొన్ని పేటలకే ఉంటాయి. రోడ్డు నడిమధ్య ముప్పై మీటర్లకొకటి చొప్పున గుండ్రటి మూతలు వరసగా కనిపిస్తే మీ వీధిలో యూజీడీ ఉన్నట్టే. ఇక్కడ మాట తేడా ఒకటుంది. మన వైపు మురుగు కాలువ అంటే చేల నీరు తీసే కాలువ. యనమదుర్రు, గోస్తనీ అలాంటివి. అవి జలవనరుల శాఖ డ్రెయిన్ల విభాగానివి. వీధి డ్రెయిను, యూజీడీ మునిసిపాలిటీవి. "మురుగు కాలువ పొంగుతోంది" అని మాత్రం రాసిన అర్జీ రెండు ఆఫీసుల మధ్య నెలల తరబడి తిరగడం నేను చూశాను. రోడ్డు పేరు, మూత ఏ ఇంటి ఎదురుగా ఉందో రాయండి.

పైపు ఎన్నేళ్లకు పాతదయినట్టు లెక్క?

ఏళ్లు చూసి చెప్పలేం. పింగాణీ పూత ఉన్న స్టోన్‌వేర్ పైపులు చాలాకాలం నిలుస్తాయి, కానీ వాటి అతుకులు విడిపోతాయి. సిమెంటు పైపు సంగతి వేరు. మురుగు నిలవ ఉంటే కుళ్లిన గుడ్ల వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అది పైకప్పుకు చేరితే అక్కడి తడిలో బ్యాక్టీరియా దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లం సిమెంటును పైనుంచి కొరుక్కుంటూ వస్తుంది. మూత తీసి తొంగి చూసినవాడికి అడుగు నిక్షేపంగా కనిపిస్తుంది, నడినెత్తిన మాత్రం ఇనుప చువ్వ బయటపడి ఉంటుంది. ఒకరోజు లారీ వెళ్తుంటే రోడ్డు కుంగుతుంది.

వేసవిలో బాగానే ఉంటుంది, కాలువలకు నీళ్లు వదిలాక పొంగుతుంది. ఎందుకండీ?

డెల్టాలో ఈ పని అంతా అర్థం కావాలంటే ఈ ప్రశ్న దగ్గరే నిలబడి చూడాలి. పాత లైను అంటే అందరూ మురుగు బయటికి కారుతుందనే అనుకుంటారు. మెట్ట ఊళ్లలో అది నిజం. మన దగ్గర ఎక్కువగా తిరగబడి జరుగుతుంది: నేలలోని నీరే లైన్లోకి దూరుతుంది. జూన్‌లో కాలువలు వదిలి, ఊడ్పులు మొదలయ్యాక ఊరి చుట్టూ నీరే. కాలువ ఊట, చేల ఊట, వాన కలిసి భూగర్భ జలం గడప కిందికి వచ్చేస్తుంది. అప్పుడు లైను నీళ్లలో మునిగి ఉంటుంది. విడిపోయిన ప్రతి అతుకూ, మ్యాన్‌హోల్ గోడలో ఊడిన ప్రతి ఇటుకా ఒక చెలమ. ఇళ్ల మురుగు కోసం వేసిన పైపు ఊటనీటితోనే నిండిపోతే మీ బాత్రూం నీళ్లకు దారి ఉండదు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తే ఊట తగ్గుతుంది, లైను దానంతటదే "బాగుపడుతుంది". పైపు మాత్రం అలాగే ఉంది.

ఊట తనతో పాటు మట్టినీ ఇసుకనూ తెస్తుంది. ఎన్నిసార్లు జెట్టింగ్ చేసినా, అంటే నీళ్లు జోరుగా కొట్టి కడిగినా, ఒండ్రు మళ్లీ రావడం, లైను మీది రోడ్డు కింద డొల్ల పడటం అందుకే.

ఊటనీరు దూరుతోందని మేమే కనిపెట్టగలమా?

కొంతవరకు. తెల్లవారుజామున రెండు, నాలుగు గంటల మధ్య ఊరంతా నిద్రలో ఉంటుంది కాబట్టి లైన్లో సన్నటి ధార మాత్రమే ఉండాలి. ఆ వేళ మునిసిపల్ సిబ్బంది చేత మూత తీయించి పైనుంచి టార్చి వేసి చూడండి. తేటనీరు జోరుగా పారుతుంటే అది ఊటే. ఎవరూ లోపలికి దిగకూడదు, తల కూడా పెట్టకూడదు.

రెండో దారి పంప్‌హౌస్ లాగ్ బుక్. మనిషికి రోజుకు 135 లీటర్ల సరఫరా, అందులో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని లెక్క. ఆ లైను మీద 5,000 మంది ఉంటే రోజుకు 5,40,000 లీటర్లు. మే నెలలో పంపు అంతే తోడి, ఆగస్టులో 9 లక్షలు తోడుతుంటే తేడా ఎక్కడిదో చెప్పక్కర్లేదు. కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ, సీపీహెచ్‌ఈఈఓ, మాన్యువల్ కూడా కొంత ఊటను ఒప్పుకుంటుంది: రోజుకు కిలోమీటరుకు 500 నుంచి 5,000 లీటర్లు, మ్యాన్‌హోల్‌కు 250 నుంచి 500 లీటర్లు. అంతకు మించితే జబ్బు.

కెమెరా సర్వే ఎప్పుడు చేయించాలి?

ఆగస్టు నుంచి జనవరి లోపు, నేల నిండా నీళ్లున్నప్పుడు. కానీ మే నెలలోనే చేయిస్తుంటారు, పని సులువని. నేను చూసిన ఒక పట్టణంలో మే నెల సర్వేలో లైను పొడిగా, ముచ్చటగా వచ్చింది. "అతుకులు బాగున్నాయి" అని రాసుకుని ఆ పొడవంతా అంచనాలోంచి తీసేశారు. ఆ సంతకాల్లో నాదీ ఒకటి. ఆగస్టుకల్లా పంపు రాత్రింబవళ్లు తిరిగినా పంప్‌హౌస్ బావిలో మురుగు తగ్గలేదు. ఎండిన పైపులో ఊట కనపడదన్న చిన్న సంగతి మా ఎవరి బుర్రకూ తట్టలేదు. అప్పటినుంచీ నేను చెప్పేది ఒకటే: చూడటం కాలువలు నిండుగా ఉన్నప్పుడు, బాగుచేయడం కట్టేసినప్పుడు.

ఇంకా పెద్ద పైపు వేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

పోదు, ఒక్కోసారి పెరుగుతుంది. మురుగు రోజుకు ఒకసారైనా సెకనుకు 0.6 మీటర్ల వేగం అందుకోకపోతే అడుగున మట్టి పేరుకుంటుంది. అదే నీటికి పెద్ద పైపు ఇస్తే పలచగా పరుచుకుని నెమ్మదిస్తుంది. అసలు చిక్కు వాలు. 200 మిల్లీమీటర్ల పైపుకు సుమారు 250కి 1 వాలు కావాలి, అంటే కిలోమీటరుకు నాలుగు మీటర్లు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా మన నేలకు కిలోమీటరుకు జానెడు వాలుంటే గొప్పే. కాబట్టి మిగిలిన వాలంతా తవ్వి తెచ్చుకోవాలి. కిలోమీటరు వెళ్లేసరికి పైపు నిలువెత్తు మనిషికి రెండింతల లోతుకు పోతుంది, అక్కడ పంపు పెట్టక తప్పదు. డెల్టాలో యూజీడీ అంటే పైపుల పని కన్నా పంపుల పని అనేది ఇందుకే.

## డబ్బు ఎక్కడి నుంచి

అమృత్ కింద కేంద్రం మొత్తం ఇచ్చేస్తుందా?

లేదండీ. అమృత్ అంటే పట్టణాల తాగునీరు, మురుగు పనులకు కేంద్రం పెట్టిన పథకం. 2021 అక్టోబరు 1న మొదలైన అమృత్ 2.0లో కేంద్రం వాటా ఊరి జనాభాను బట్టి ఉంటుంది. మనలాంటి రాష్ట్రాల్లో లక్ష లోపు పట్టణాలకు సగం, లక్ష నుంచి పది లక్షల దాకా మూడో వంతు, పది లక్షలు దాటితే నాలుగో వంతు. మిగతాది రాష్ట్రం, మునిసిపాలిటీ పంచుకోవాలి. కేంద్రం వాటా కూడా ఒకేసారి రాదు. 20, 40, 40 శాతం చొప్పున మూడు విడతలు. ఉదాహరణకు భీమవరం పాటి ఊళ్లో 9 కోట్ల పని అనుకుంటే కేంద్రానిది 3 కోట్లు, అందులో మొదట చేతికొచ్చేది 60 లక్షలు. "తొమ్మిది కోట్లు మంజూరు" అని ఫ్లెక్సీ కట్టిన రోజున ఖాతాలో తొమ్మిది కోట్లు ఉండవు.

మాది లక్ష లోపు ఊరు. మురుగు పనికి మాకేం రాదా?

అమృత్ 2.0లో తాగునీరు అన్ని పట్టణాలకూ ఉంది, కానీ మురుగు పనులు మొదటి అమృత్‌లో ఎంపికైన 500 నగరాలకే. లక్ష లోపు పట్టణాలకు మురుగునీటి నిర్వహణ స్వచ్ఛ భారత్ మిషన్ అర్బన్ 2.0 కిందికి వస్తుంది. పాలకొల్లు, నరసాపురం, అమలాపురం లాంటివి ఈ గుంపులోవి. అందులో ప్రధానంగా శుద్ధి కేంద్రం, డ్రెయిన్ల మురుగును నదిలో కలవకుండా మళ్లించడం, సెప్టిక్ ట్యాంకులు తోడే యంత్రాలు ఉంటాయి. వీధివీధికీ కొత్త యూజీడీ ఆశించి అర్జీ పెడితే అక్కడ పద్దే ఉండదు. నన్నడిగితే చిన్న ఊళ్లకు ఇదే నయం. వేళకు తోడించే సెప్టిక్ ట్యాంకు, సగంలో ఆగిన యూజీడీ కన్నా వెయ్యి రెట్లు మేలు.

ఆర్థిక సంఘం డబ్బుతో మరమ్మతు చేయొచ్చా?

చేయొచ్చు, మరమ్మతులకు చేతికందే డబ్బు ఎక్కువసార్లు ఇదే. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాల గ్రాంటును మూడు ముక్కలు చేసింది. 40 శాతం స్థానిక అవసరాలకు, 30 శాతం పారిశుధ్యానికి, 30 శాతం తాగునీరు, వాననీటి సంరక్షణ, నీటి పునర్వినియోగాలకు. 40 శాతాన్ని కూడా జీతాలకు, ఆఫీసు ఖర్చులకు వాడకూడదని షరతు పెట్టింది. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. కౌన్సిల్ బడ్జెట్ సమావేశంలో మీ కౌన్సిలర్ చేత అడిగించాల్సిన ప్రశ్న: "పారిశుధ్యం పద్దులో పాత లైన్ల మరమ్మతుకు ఎంత పెట్టారు, చెత్త బండ్లకు ఎంత పెట్టారు?"

నేను ఇంటి పన్ను కట్టకపోతే గ్రాంటుకేమిటి సంబంధం?

చాలా ఉంది. 15వ ఆర్థిక సంఘం గ్రాంటు రావాలంటే లెక్కలు జనానికి కనబడేలా ఆన్‌లైన్లో పెట్టాల్సి ఉండేది. దానితో పాటు 2022-23 నుంచి ఆస్తి పన్ను కనీస రేట్లు ప్రకటించడం, రాష్ట్ర ఆర్థికాభివృద్ధికి తగ్గట్టు వసూళ్లు పెరగడం కూడా షరతులయ్యాయి. వసూళ్లు కుంటితే ఊరి మొత్తానికి దెబ్బ.

పంపు కరెంటు బిల్లు, మనుషుల జీతం కూడా గ్రాంటులోంచే కదా?

కాదు. అమృత్ డబ్బు కట్టడానికే. సిబ్బంది జీతాలకు, స్థలం కొనడానికి చెల్లదు. పంప్‌హౌస్‌కు జాగా ఊరే చూసుకోవాలి, డెల్టాలో సెంటు ధర మీకు తెలుసు. రేపు డీజిల్, కరెంటు, మోటారు రివైండింగ్ అన్నీ మునిసిపాలిటీ సాధారణ నిధుల మీదే. చాలా పంపులు మూలపడేది ఇక్కడే. ఊట ఆపకుండా పంపు హార్స్‌పవర్ పెంచితే కాలువ నీళ్లను కరెంటు పెట్టి తోడి మళ్లీ కాలువలో పోసినట్టు. ఆ బిల్లు ఏటా మనదే.

## అంచనా, టెండరు

డీపీఆర్, అంటే పని సమగ్ర నివేదిక, లావు పుస్తకం. మాలాంటివాళ్లం అందులో ఏం చూడాలి?

నాలుగు పేజీలు చాలు. సర్వే ఏ నెలలో చేశారు. ఊటనీటికి ఎంత లెక్క వేశారు. మ్యాన్‌హోళ్ల మరమ్మతు ఉందా, పైపులు మాత్రమేనా. ఇంటి గోడ దాకా కనెక్షన్ పద్దు ఉందా. ఈ చివరిది లేకపోతే రోడ్డు మధ్యలో బంగారంలాంటి లైను పడుతుంది, ఇళ్ల నీళ్లు పాత డ్రెయిన్లోనే పడతాయి.

రోడ్డు తవ్వకుండా పైపు బాగుచేస్తారట, నిజమేనా?

నిజమే. రెజిన్‌లో నానబెట్టిన ఫెల్టు గొట్టాన్ని పాత పైపులోకి నెట్టి, గాలితోనో నీటితోనో ఉబ్బించి, వేడినీళ్లతోనో ఆవిరితోనో గట్టిపరుస్తారు. పాత పైపు లోపల కొత్త పైపు తయారవుతుంది. దీన్ని 1971లో లండన్‌లో మొదట వాడారు. ఇరుకు సందుల్లో, బజారు వీధుల్లో ఇది వరం. ఇంటి కనెక్షన్ల నోళ్లు మూసుకుపోతాయి కాబట్టి లోపలి నుంచి రోబో కట్టరుతో మళ్లీ తెరవాలి.

దీనికీ హద్దులున్నాయి. జోరుగా ఊట కారుతున్న చోట ముందు గ్రౌటింగ్ చేసి, అంటే సందుల్లోకి గట్టిపడే ద్రవం ఎక్కించి, ఊట ఆపాలి. కూలిపోయిన పైపులో గొట్టం దూరదు. మెత్తటి నేలలో నడుము వంగి కిందికి జారిన పైపుకు ఎంత మంచి తొడుగు వేసినా వంపు వంపే, అక్కడ నీరు నిలుస్తూనే ఉంటుంది. అలాంటి చోట తవ్వి తిరిగి వేయాల్సిందే. మొత్తం లైనుకు ఒకే వైద్యం రాసిన డీపీఆర్‌ను అనుమానించండి.

ఎవరెవరి అనుమతులు కావాలి? ఎందుకింత ఆలస్యం?

పంట కాలువ కింది నుంచి పైపు వెళ్లాలంటే జలవనరుల శాఖ, పట్టాల కింద అయితే రైల్వే, 216వ నంబరు లాంటి జాతీయ రహదారి దాటాలంటే ఆ అధికారులు. కాలువ దాటే పనికి అనుమతి మే నెలాఖరుకు వస్తే ఆ ఏడు పోయినట్టే.

టెండరు బాగా తక్కువకు పాడారు. ఊరికి మిగిలినట్టే కదా?

అంచనా కన్నా మరీ తక్కువకు పాడినవాడు ఎక్కడో మిగుల్చుకోవాలి. మురుగు పనిలో మిగుల్చుకునే చోట్లు రెండు, రెండూ మట్టి కింద కనపడనివే: పైపు కింద ఇసుక పరుపు, గుంతలో నీళ్లు తోడటం. పరుపు లేని పైపు నల్లరేగడిలో రెండు వానాకాలాలకు కుంగుతుంది.

## పని జరిగేటప్పుడు

తవ్వకం ఏ నెలల్లో అయితే మంచిది?

రబీ కోతలయ్యాక కాలువలు కట్టేసిన రోజు నుంచి జూన్‌లో నీళ్లు వదిలే లోపు. ఆరేడు వారాలు. పైపులు, మ్యాన్‌హోల్ రింగులు మార్చికే ఊళ్లోకి దిగి ఉండాలి. ఏప్రిల్‌లో టెండరు పిలిచే ఊరు ఆగస్టులో తవ్వుతుంది, తవ్విన గుంతలో చేపలు పడతారు. హాస్యానికి అనడం లేదు, నేను చూశాను.

గుంతలో నీళ్లు తోడుతుంటే మా గోడ బీటలిస్తోంది. ఎవరిని అడగాలి?

ఊటతో పాటు మీ పునాది కింది సన్న ఇసుక కూడా పోతుందేమో చూడాలి. తోడిపోసిన నీళ్లు బురదగా, ఇసుకతో వస్తుంటే పని అక్కడికక్కడే ఆపించండి. గుంత పక్కలకు షీట్లు దించి, సరైన ఫిల్టర్ ఉన్న వెల్‌పాయింట్లతో, అంటే నేలలోకి దించే సన్న గొట్టాలతో, నెమ్మదిగా తోడితే ఇసుక లేవదు. పని మొదలయ్యే ముందే మీ గోడలన్నీ తేదీతో ఫొటోలు తీసి వార్డు సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. తర్వాత తీసిన ఫొటోకు "పాత బీటే" అని జవాబొస్తుంది.

రాత్రి వేసిన పైపు పొద్దునకు పైకి తేలిందట. అలా కూడా అవుతుందా?

అవుతుంది. గుంతలోకి నీరు చేరితే, ఖాళీ ప్లాస్టిక్ పైపు పడవే. ఏ పూటకాపూట మట్టి కప్పి కుదించాలి. తేలిన పైపును తొక్కి కూర్చోబెడితే వాలు పోయినట్టే, పైకి తీసి మళ్లీ లెవెలింగ్ చూసి వేయించాలి.

మ్యాన్‌హోల్లోకి మనిషిని దింపుతున్నారు. మేం ఏం చేయగలం?

వెంటనే ఆపించండి. తాడు, మాస్కు, గ్యాస్ మీటరు ఏవీ లేకుండా మనిషిని మురుగు లైన్లోకి దింపడం 2013లో వచ్చిన పాకీపని నిషేధ చట్టం ప్రకారం నేరం. "ఎప్పుడూ దిగేవాణ్నేనండీ, ఏం కాదు" అని అతనే అంటాడు. వాసన బట్టి తెలుస్తుందనుకుంటారు గానీ హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారుతుంది, వాసన ఆగిన చోటే చావు ఉంటుంది. పడిపోయినవాడి కోసం రెండోవాడు దిగుతాడు, అతనూ పోతాడు. మురుగు లైన్లలో చనిపోయినవాళ్ల కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న చెప్పింది. ఫిర్యాదుకు 14420.

## పని అయ్యాక

బాగా వేశారో లేదో మట్టి కప్పాక ఎలా తెలుస్తుంది?

రోడ్డు వేసేలోపే అడగాలి. అద్దం పరీక్ష ఉంది: ఒక మ్యాన్‌హోల్లో దీపం, రెండోదాంట్లో అద్దం. వంకర లేకపోతే గుండ్రటి వెలుగు మొత్తం కనిపిస్తుంది, పైపు కుంగితే ఆ గుండ్రంలో కొంత మాయమవుతుంది. పైపు లోపలి కొలత కన్నా 13 మిల్లీమీటర్లు చిన్నదైన బంతిని దొర్లించి చూసే పరీక్ష కూడా ఉంది. కానీ మనకు అసలు పరీక్ష ఆగస్టే. ఒప్పందంలోని లోప బాధ్యత కాలంలో, అంటే లోపం బయటపడితే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువులో, కనీసం ఒక వానాకాలం దాటాలి, దాటాక కెమెరా మళ్లీ వెళ్లాలి. అంతవరకు చివరి బిల్లు, డిపాజిట్టు వదలకూడదని కౌన్సిల్‌లో అడిగించండి.

డాబా మీది వాననీరు కొత్త లైన్లో కలపొచ్చా? పైపు పక్కనే ఉంది.

వద్దు. ఒక వీధిలో ఇరవై డాబాలు అలా కలిపితే అరగంట జడివానకు కింది వీధి మ్యాన్‌హోల్ మూత లేచిపోతుంది. వాననీరు వీధి డ్రెయిన్లోకే, లేదా ఇంకుడు గుంతలోకి.

గోదావరికి వరదొచ్చినప్పుడు మా బాత్రూంలోంచి మురుగు పైకి తన్నుతోంది. లైను సరిగా వేయలేదా?

అది వేరే సంగతి కావొచ్చు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. నది ఎత్తున ఉంటే దానిలో కలిసే డ్రెయిన్లు ఎదురు పారకుండా తూములు దించేస్తారు. ఊరి నీరు ఊళ్లోనే నిలుస్తుంది. సముద్రం వైపు ఊళ్లలో పోటు సమయంలో ఇదే కథ, పాటు వచ్చేదాకా డ్రెయిన్లు కదలవు. రోడ్డు కన్నా పల్లంలో ఉన్న ఇంటికి కనెక్షన్ మీద ఎదురుపారుదల ఆపే వాల్వు పెట్టించుకోవాలి, ఏడాదికోసారి తీసి కడగాలి. చెత్త పట్టిన వాల్వు మూసుకోదు.

ఎంత ఖర్చయిందో, ఎక్కడ వేశారో కాగితాలు ఇస్తారా?

ఇవ్వాలి. సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో. "ఖర్చు వివరాలు" అని అడిగితే ఒక్క అంకె వస్తుంది. కొలతల పుస్తకం నకలు, కెమెరా సర్వే రికార్డింగు, వినియోగ ధ్రువపత్రం అని పేరుపేరునా అడగండి.

అంతా కొత్తగా వేశాక కూడా ఇంట్లో పాత వాసనే వస్తోంది. పని దండగేనా?

లైనును తిట్టే ముందు వాడని గదిలోని బాత్రూం చూడండి. జాలీ కింది ట్రాపులో నిలిచే నీరే గ్యాసును ఆపే తలుపు. పిల్లలు హైదరాబాదు వెళ్లిపోయి ఆ గది మూతపడ్డాక ఆ నీరు ఆవిరైపోతుంది. ఒక చెంబు నీళ్లు పోసి, రెండు గంటలాగి చూడండి.